హినేస్ రెండో గొంతు

కోటు విప్పి కూర్చోమంది నర్సు పిల్ల, లోపల వేడిగా ఉంటుందంది, నేను విప్పలేదు, విప్పితే ఇక్కడే ఉండిపోవడానికి వచ్చినట్టవుతుంది, నేను ఉండిపోవడానికి రాలేదు, మా ఆయన్ని ఇంటికి తీసుకుపోవడానికి వచ్చాను. ఎదురుగా ఉన్న తలుపు వెనక డాక్టరమ్మా, ఆవిడ మనుషులూ కూర్చుని తేలుస్తున్నారు, హినేస్‌ని ఈ ఆసుపత్రిలోనే ఉంచి మళ్ళీ మాటలు నేర్పించాలా, లేక మతిపోయిన మనిషి కింద జమకట్టి సముద్రం వైపున్న ఆశ్రమానికి పంపెయ్యాలా అని. ఓ గంట పడుతుంది, మిమ్మల్ని కూడా పిలుస్తాం, ఒక్కసారి పరీక్ష చేసి నిర్ణయం చెబుతాం అన్నారు. పంపడం అన్న మాట ఎంత మెత్తగా అన్నారో, పార్సిల్ గురించి చెప్పినట్టు. ఒకసారి ఆ ఆశ్రమం చూశాను, మా మేనత్త కోడలు అక్కడే పోయింది, గోడలకి లేత పసుపు రంగు, పొద్దుట పదకొండింటికే భోజనం, కిటికీలు తెరుచుకోవు. సముద్రం కనిపిస్తుందన్నారు గానీ తెరుచుకోని కిటికీలోంచి కనిపించే సముద్రం నాకెందుకు, హినేస్‌కెందుకు. బ్లాయ్ నా పక్కనే కూర్చుని మోకాలు ఊపుతున్నాడు. యాభై దాటినవాడు, నా ఒక్కగానొక్క కొడుకు, పెద్ద లారీలు నడిపే మనిషి, ఇవాళ పొద్దున్న వాళ్ళ నాన్న మంచం దగ్గర్నుంచి వచ్చి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"అమ్మా, లోపలికెళ్ళాక గొడవ చెయ్యకు. వాళ్ళు చదువుకున్నవాళ్ళు."

"నేనెప్పుడు గొడవ చేశానురా?"

"బ్యాంకులో చేశావు. చర్చిలో చేశావు. చేపల కొట్లో ప్రతి శుక్రవారం చేస్తావు."

"కుళ్ళిన చేప చేతిలో పెడితే ముద్దు పెట్టుకోమంటావా?"

వాడు నవ్వలేదు. నవ్వుతాడనుకున్నాను. కిటికీ సందులోంచి పొగ వాసన వస్తోంది, ఎవరో ద్రాక్ష పుల్లలు మంటేసి ఉల్లికాడలు కాలుస్తున్నారు, ఫిబ్రవరి కదా, మా వాల్స్ ఊరంతా ఇదే పని, మాడిన పైపొర లాగేసి, తెల్లటి లోపలి కాడని బాదం ముద్దలో ముంచి, తల వెనక్కి వాల్చి నోట్లోకి జార్చుకోవడం, గడ్డం మీదుగా కారినా ఎవరూ ఏమనుకోరు. హినేస్ మొదటిసారి మా ఇంటి మంట దగ్గరికి వచ్చింది కూడా ఇలాంటి రోజే. మూర్సియా నుంచి రైలెక్కి, అట్టపెట్టెని తాడుతో కట్టుకుని పని వెతుక్కుంటూ వచ్చిన వందల మందిలో ఒకడు. ఫ్యాక్టరీ గోడలు కట్టే పనిలో కుదిరాడు. మా వైపు మాట కతలాన్ ఒక్క ముక్క రాదు, స్పానిష్ తప్ప. మా నాన్న బాదం తోటలో అందరం నిప్పు చుట్టూ కూర్చున్నాం. మా అత్త తోమాసా తన మోకాలు చూపించి ఏదో చెబుతోంది. మా మాటలో ఒక వింత ఉంది, నిన్న జరిగిపోయినదాన్ని చెప్పడానికి కూడా వెళ్తున్నాను అనే మాటే వాడతాం, వెళ్తున్నాను పడిపోవడం అంటే నిన్న పడిపోయాను అని. స్పానిష్‌లోనూ ఇంచుమించు అవే మాటలు, కానీ వాళ్ళు వాడేది ఇంకా జరగబోయేదానికి. అత్త అంది, పోయిన వారం మెట్ల మీద పడ్డానని. ఈయనకి ఇప్పుడే పడబోతున్నాను అని వినిపించింది. చేతిలో ఉల్లికాడ విసిరేసి, ఒక్క గెంతులో వెళ్ళి మా అత్తని రెండు చేతులతో పొదివి పట్టుకున్నాడు. రాయి మీద నిక్షేపంగా కూర్చున్న ఆవిడని! అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. మా నాన్న అయితే కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. అత్త మాత్రం, "వదలకయ్యా, బాగానే ఉంది" అంది. నేను నవ్వలేదు. వారం కింద పడిపోయిన మనిషిని కూడా పట్టుకోవడానికి పరుగెత్తేవాడు ఇంకెవడు దొరుకుతాడు నాకు, అనుకున్నాను. ఆ రోజే అనుకున్నాను. ఆయనకి చెప్పడానికి ఇంకో మూడు నెలలు పట్టింది, అది వేరే సంగతి.

నాన్న ఒక్కటే మాటన్నాడు, "వాడికి మనలా మాట్లాడటం నేర్పి, అప్పుడు తీసుకురా గుమ్మంలోకి." హుకుం. మా నాన్న మాటలన్నీ హుకుములే, తే, పో, మూసెయ్, నోరు ముయ్. చెడ్డవాడు కాదు, తన భాషని బడిలోంచి, కచేరీలోంచి, పోస్టాఫీసులోంచి గెంటేశారని కడుపులో మంట. ఆ మంట నాకు తెలియనిదా? నేను బడికి వెళ్ళింది పదేళ్ళు వచ్చేదాకానే. గోడ మీద అప్పట్లో దేశాన్నేలే జనరల్ గారి ఫొటో, దాని కింద సిస్టర్ ఎస్కొలాస్తికా, చేతిలో బద్ద. స్పానిష్ మాటలకి తోకలు తగిలించడం నేర్పేది ఆవిడ. మూడంటే మూడు మాటలు, ప్రేమించు, భయపడు, వెళ్ళిపో. మిగతా మాటలన్నీ ఈ మూడింట్లో ఏదో ఒకదాని వెనక నడుస్తాయట, గొర్రెల్లాగా. నేను భయపడతాను, నువ్వు భయపడతావు, ఆమె భయపడుతుంది, మేము భయపడతాం, అందరం కలిసి పాటలాగా, అర్థం తెలిసి కొందరం, తెలియక కొందరం. జరిగినదానికి ఒక తోక, జరగబోయేదానికి ఒక తోక, చెయ్యమని అజమాయిషీ చేయడానికి ఒకటి. ఇంకా జరగనిది, జరిగితే బాగుండునని మనసులో అనుకునేది, జరుగుతుందేమోనని గుండెలు పీచుపీచుమనేది, దానికింకో తోక. ఆ చివరిది ఎవరికీ సరిగ్గా వచ్చేది కాదు, ఆవిడ బద్ద ఎక్కువగా పలికేది అక్కడే. మా మాటలో కూడా ఈ తోకలన్నీ ఉన్నాయి, ఎవరూ నేర్పకుండానే పాలతో పాటు వచ్చేశాయి, అమ్మ ఊయల ఊపుతూ నువ్వు నిద్రపోతే బాగుండునే అన్నప్పుడే వచ్చేసి ఉంటాయి. కానీ ఆవరణలో ఆడుకుంటూ మా మాట ఒక్కటి జారితే చాలు, అరచెయ్యి చాపాలి. నేను చాపేదాన్ని. చాపి, దెబ్బ పడగానే కతలాన్‌లోనే అమ్మో అనేదాన్ని, దానికి ఇంకోటి, మళ్ళీ అమ్మో, దానికింకోటి. చివరికి ఆవిడ చెయ్యే నొప్పి పుట్టి మానేసింది. ఆ బడిలో నేను నేర్చుకున్న పాఠం అదొక్కటే, బాగా వచ్చింది నాకు.

మరి అంతలా పట్టుకున్న మాటని నేనే ఎందుకు వదిలేశాను హినేస్ దగ్గర? వదిలెయ్యలేదు. నాన్న హుకుం వేశాడు కాబట్టి. వాడికి నేర్పి తీసుకురా అంటే నేర్పను. ఆ ఆదివారం భోజనాల దగ్గర హినేస్‌ని తీసుకొచ్చి నాన్న ఎదురుగా కూర్చోబెట్టి, బ్రెడ్ ఇటివ్వు అని స్పానిష్‌లో అన్నాను, ఆ ఇంట్లో ఆ భాష మొదటిసారి, నా నోటి నుంచి. నాన్న గ్లాసు బల్ల మీద కొట్టాడు. నేను రెండోసారి అడిగాను, ఇంకా గట్టిగా. ఇంకో రోజు మెట్ల మీద హినేస్, పనిలో ఎవరి దగ్గరో నేర్చుకున్నట్టున్నాడు, నా చెవిలో కతలాన్‌లో రెండు ముక్కలు అనబోతే నోటికి చెయ్యడ్డం పెట్టాను, "నాతో నీలాగే మాట్లాడు. మా నాన్నకి ఆ సంతోషం నేనివ్వను" అన్నాను. తలూపాడు, టోపీ పెట్టుకున్నాడు, పనికి పోయాడు. ఆ తర్వాత యాభై ఏళ్ళు పైచిలుకు అంతే. మా వైపు ఇది అందరికీ తెలిసిందే, ఎవరితో ఏ మాటలో మొదలుపెడితే వాళ్ళతో ఆ మాటే చచ్చేదాకా. మొదటి పలకరింపు పెళ్ళి ఉంగరం లాంటిది, ఇంక తీసేది లేదు. మా ఇంటి బల్ల దగ్గర కూర్చుంటే బయటివాళ్ళకి తల తిరిగేది, బ్లాయ్ ఉప్పందుకోమని నన్ను కతలాన్‌లో అడిగి, అదే ఊపిరిలో తలతిప్పి వాళ్ళ నాన్నని వైను స్పానిష్‌లో అడిగేవాడు. నేనూ అంతే, కొడుకువైపు తిరిగితే ఒక నాలుక, మొగుడివైపు తిరిగితే ఇంకో నాలుక. మాకు తేడా తెలిసేదే కాదు, కుడి చేత్తో తిని ఎడమ చేత్తో గ్లాసు ఎత్తినట్టు.

తలుపు తీసుకుని ఒక నర్సు బయటికి వచ్చింది. నేను సగం లేచాను. మా కోసం కాదు, కాఫీ కోసం. మళ్ళీ కూర్చున్నాను, ఈ ప్లాస్టిక్ కుర్చీలు కూర్చున్నవాళ్ళని త్వరగా లేపెయ్యడానికే చేయించినట్టున్నారు. పక్షవాతం వచ్చిన రోజు హినేస్ పెరట్లో పాత నడికట్టు ఎండలో వేస్తున్నాడు. మా ఊళ్ళో మనుషుల మీద మనుషులు నిలబడి గోపురం కడతారు, అది పండగల్లో ఆట, మాకు ఆట కంటే ఎక్కువ. హినేస్ వచ్చిన రెండో ఏడే జట్టులో చేరాడు, పైకి ఎక్కే రకం కాదు, మెడ ఎద్దు మెడ, అడుగున మోసే రకం. అక్కడ నేర్చుకున్నాడు కతలాన్ అంతా, ముందున్నవాడి వీపు మీద చేతులు, వెనకున్నవాడి ఊపిరి మెడ మీద, చెవిలో అరుపులు. తర్వాత తర్వాత ఆ అడుగు గుంపుని నిలబెట్టే పని ఆయనకే ఇచ్చారు. రెండు మూడొందల మందిని చక్రంలా అమర్చి, దగ్గరికి రండి, చేతులెత్తండి, తలలు దించండి, పట్టండి, పట్టండి, కదలకండి, అని అరిచే పని. నడుముకి ఆ నల్ల కట్టు నేనే చుట్టించేదాన్ని, మా గదిలో ఒక కొస నేను బిగించి పట్టుకుంటే, రెండో కొస నడుముకి ఆనించి గిరగిరా తిరుగుతూ నా దగ్గరికి వచ్చేవాడు, వచ్చి ఆగేసరికి ముఖం నా ముఖం ముందు ఉండేది, ఒక్క మాట మాట్లాడుకునేవాళ్ళం కాదు. తర్వాత నేను మా చెల్లెలి ఇంటి బాల్కనీ ఎక్కేదాన్ని. అక్కడి నుంచి వినేదాన్ని. కింద వందల తలల మధ్య ఎక్కడో ఆయన తల, కనిపించదు, గొంతు మాత్రం పైకి వచ్చేది. నాకు తెలియని గొంతు. ఇంట్లో హినేస్ మెల్లగా, మాటలు నములుతూ మాట్లాడే మనిషి, ఈ గొంతేమో రాయి లాంటిది, దాని మీద ఎవరైనా నిలబడవచ్చు. పైన ఎనిమిది అంతస్తులు నిలబడే ఉండేవి మరి. ఆ గొంతు అందరికీ దొరికేది, కసాయి కొడుక్కి, పోస్ట్‌మాన్‌కి, ఎర్ర జుట్టు టీచరమ్మకి. నాకు బాల్కనీ దాకా వచ్చినంతే. ఎప్పుడూ అడగలేదు. అడిగితే నాన్న గెలిచినట్టు కదా. నాన్న పోయి ముప్పై ఏళ్ళయింది, అయినా సరే.

ఇప్పుడు మిగిలింది ఆ గొంతే. ఆసుపత్రిలో కళ్ళు తెరిచి, వంకర పోయిన నోటితో మొదట అన్న మాట, పట్టండి. రెండోది, తల దించండి. స్పానిష్ ఒక్క ముక్క లేదు, తన తల్లి నేర్పిన మాటలు, నాతో కాపురం చేసిన మాటలు, ఊడ్చిపెట్టినట్టు పోయాయి. జరిగినది చెప్పే తోక లేదు, జరగబోయేది చెప్పేదీ లేదు, జరిగితే బాగుండునని ఆశ పడేదీ లేదు. హుకుం ఒక్కటే మిగిలింది, అది కూడా గుంపుకి వేసే హుకుం. బ్లాయ్ నాన్నా నాన్నా అని చెయ్యి పట్టుకుంటే, వాడి కళ్ళలోకి చూస్తూ, "దగ్గరికి రండి, గట్టిగా నిలబడండి" అన్నాడు, మా మాటలో. వాడు మంచం దగ్గర్నుంచి వెనక్కి వచ్చేశాడు.

"అమ్మా, నాన్న నన్ను గుర్తుపట్టట్లేదు. నాతో కతలాన్ మాట్లాడుతున్నాడు. అండి అంటున్నాడు. నేనెవరో పరాయివాణ్ణి అనుకుంటున్నాడమ్మా."

నాకూ అలాగే అనిపించింది. ఎదురుగా నా మొగుడి ముఖం, నోట్లో వేరేవాళ్ళకి ఇచ్చే మాట. చెంప మీద కొట్టినా ఇంత తగలదు. కొడుకు వెళ్ళి డాక్టరమ్మకి అదే చెప్పాడు, ఆవిడ ఎక్కడో దూరపు ఊరి నుంచి వచ్చిన మనిషి, మంచిదే, ఓపికగా స్పానిష్‌లో అడిగింది, హినేస్ గారూ ఈ అబ్బాయి ఎవరు, ఈవిడెవరు, ఇది ఏ నెల. పట్టండి, పట్టండి అన్నాడు ఈయన. గదిలో జనం ఉన్నారని భ్రమ పడుతున్నాడు, మతి తప్పింది అనుకున్నారు. ఆవిడ తప్పేముంది, కన్న కొడుకే చెప్పాక. ఒక్క నవాల్ మాత్రం ఒప్పుకోలేదు. మాటలు నేర్పే పిల్ల ఇక్కడ, వాళ్ళ నాన్న మొరాకో నుంచి వచ్చి మా ఊళ్ళోనే స్థిరపడ్డాడు, ఈ పిల్ల చిన్నప్పుడు మా గోపురం కొసకి ఎక్కేది, కోతిపిల్లలాగా. హినేస్ భుజం మీద కాలేసి వెళ్ళేది. ఇందాక కారిడార్‌లో నా పక్కన గొంతుకూర్చుంది.

"రెమేయి గారూ, ఆయన మతి తప్పి అరవట్లేదండీ. ఉన్న మాటలతోనే పిలుస్తున్నారు. మీరొకసారి ఆయనతో కతలాన్‌లో మాట్లాడి చూడండి."

"నేనా? ఆయనతోనా?"

"మీ భాషేగా?"

"నా భాషే. కానీ అమ్మాయ్, మా కాపురమంతా స్పానిష్‌లోనే. ఈ వయసులో మారిస్తే పరాయి మగాడి పక్కలో పడుకున్నట్టుంటుంది."

ఆ పిల్ల నోటికి చెయ్యడ్డం పెట్టుకుంది. "పడుకోమనట్లేదండీ, పలకరించమంటున్నా."

పలకరించడం. ఎంత తేలిగ్గా అందో. లోపల ప్రయత్నించాను, నోరు మూసుకుని. ఆయన ముఖం ఊహించుకుని మా మాటలో ఏమయ్యా అని. రాలేదు. గొంతు దాకా వచ్చి, ఎవరైనా చూస్తున్నారేమోనని వెనక్కి పోయింది. నా పుట్టిన మాట, నా పాలమాట, నా మొగుడి ముందు సిగ్గుపడుతోంది కొత్త కోడలిలా. ఇదేం విడ్డూరం. బద్ద దెబ్బలకి జంకనిదాన్ని, నాన్న పిడికిలికి జంకనిదాన్ని. అయినా ఎవరు వీళ్ళు, ఏ మాటలో మాట్లాడాలో ఒకరు, ఎక్కడ బతకాలో ఒకరు, మెదడులో ఓ రక్తపు గడ్డ, గింజంత లేదు, అది కూడా హుకుం వేస్తోంది నా మీద, నీ మొగుడు ఇంక ఇంతే అని. నేను ఒప్పుకోను. కుర్చీ చేతిని పట్టుకుని పాత బడి పాటలో అనుకుంటున్నాను, పెదవులు కదులుతున్నాయేమో బ్లాయ్ నావైపు చూస్తున్నాడు, నేను ఒప్పుకోను, నువ్వు ఒప్పుకోవు, ఆయన ఒప్పుకోడు, మేము ఒప్పుకోము, మీరు ఒప్పుకోరు, వాళ్ళు ఒప్పుకోరు. అదిగో, ఈ మాట ఒక్కటి ఆ సిస్టర్ నేర్పలేదు మాకు. నేర్పి ఉంటే ఆ తోకలన్నీ ఒక్క రోజులో వచ్చేసేవి అందరికీ.

తలుపు తెరుచుకుంది. పేరు పిలిచారు. బ్లాయ్ నా మోచెయ్యి పట్టుకోబోతే విదిలించుకున్నాను.

హినేస్ చక్రాల కుర్చీలో ఉన్నాడు, కుడి చెయ్యి ఒళ్ళో ఎవరిదో వస్తువులా పడి ఉంది, గడ్డం సరిగ్గా గీయలేదు, ఎడమ దవడ కింద తెల్లగా వదిలేశారు. అది చూడగానే సిగ్గు సగం పోయింది, కోపం వచ్చింది. డాక్టరమ్మ మృదువుగా అడిగింది, "హినేస్ గారూ, ఈవిడెవరో చెప్పగలరా?"

"పట్టండి!" అన్నాడు. "పట్టండి, కదలకండి!"

ఆవిడ తల ఒక పక్కకి వంచి పక్కవాళ్ళని చూసింది. బ్లాయ్ నేల చూపులు చూస్తున్నాడు. నవాల్ గోడకి ఆనుకుని, రెండు చేతులూ వెనక దాచుకుని నన్నే చూస్తోంది. అలవాటు కొద్దీ స్పానిష్‌లోనే వచ్చింది నాకు, హినేస్, నేనే, అని. ఆ కళ్ళు నా మీద నుంచి జారి గోడ మీదికి పోయాయి. ఆ జారడం చూశాక ఇంక ఆగలేదు. వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. రెండు చేతుల్తో ఆయన ముఖం పట్టుకుని నావైపు తిప్పాను. అప్పుడు అన్నాను, మా నాన్న మాటలో, మా అత్త మాటలో, నా మాటలో.

"ఎవర్నయ్యా పట్టుకోమంటున్నావు? జట్టు లేదు, గోపురం లేదు, ఇక్కడున్నది నేనొక్కదాన్ని. ఇదిగో పట్టుకున్నా. అరవడం ఆపి ఇటు చూడు. నన్ను చూడు."

ఆపాడు. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆయన కళ్ళు నా నుదురు మీద నుంచి మెల్లగా దిగి నా నోటి దగ్గర ఆగాయి, మాట ఎక్కడి నుంచి వచ్చిందో వెతుకుతున్నట్టు. ఎడమ చెయ్యి లేచి నా కోటు బొత్తాన్ని పట్టుకుంది. వంకర పెదవి ఒకసారి వణికింది, రెండోసారి కుదురుకుంది.

"ఇన్నాళ్ళకా, రెమేయీ!" అన్నాడు, అదే మాటలో.

వెనక బ్లాయ్ కుర్చీకి తగులుకుని తూలిన చప్పుడు. నవాల్ ఏదో అంది, నవ్వో ఏడుపో. నాకు మాత్రం ఏడుపు రాలేదు, పట్టరాని కోపం వచ్చింది, ఇన్నేళ్ళు ఈయన కోసమని నాలుక మడత పెట్టుకుని బతికితే, ఈయనేమో ఎదురుచూస్తూ కూర్చున్నాడట, నోరు విప్పి ఒక్క మాట అనకుండా, టోపీ పెట్టుకుని పనికి పోతూ.

"అడిగి ఏడవొచ్చుగా, మొద్దూ!" అని అరిచాను. గడగడా వచ్చేసింది, ఏ సిగ్గూ లేకుండా. "నోరు పడిపోయే దాకా ఆగాలా?"

ఆయన భుజాలు కదులుతున్నాయి. నవ్వుతున్నాడు, సగం ముఖంతో. డాక్టరమ్మ దగ్గరికి వచ్చి, మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూసి, స్పానిష్‌లో ఏదో అడగబోయింది.

చెయ్యెత్తి ఆపాను ఆవిణ్ణి. "కాస్త ఆగమ్మా," అన్నాను, "మొగుడూ పెళ్ళాలం మాట్లాడుకుంటున్నాం."